అయినవాళ్ళను పట్టుకునే ప్రొటీన్

"మీరిద్దరూ పెళ్ళికి ముందే బంధువులా?" అని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

"అవునండీ. నేను ఈమెకు మేనమామను. వాళ్ళమ్మకు సొంత తమ్ముణ్ణి" అన్నాను.

మా కోస్తా వైపు ఈ మాట చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. పిల్లను పరాయి ఇంటికి పంపలేదని కాస్త గర్వంగానే చెప్పుకుంటారు. డాక్టరమ్మ మాత్రం కలం బల్ల మీద పెట్టేసింది. అది దమ్మాంలో ఒక పెద్దాసుపత్రి, వంశపారంపర్య వ్యాధుల విభాగం. ఆమె సౌదీ ఆవిడ, ముసుగులోంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు నా మీంచి మా ఆవిడ మీదికి, అక్కణ్ణుంచి ఆమె ఒళ్ళో ఉన్న మా పిల్లవాడి మీదికి వెళ్ళి, తిరిగి నా దగ్గరకు వచ్చాయి. వెళ్ళేటప్పుడు డాక్టరు కళ్ళే. వచ్చేటప్పటికి పోలీసు కళ్ళయ్యాయి.

పక్కనున్న నర్సు హైదరాబాదామె. గొంతు తగ్గించి తెలుగులోకి దిగింది. "అయ్యో అన్నా, గట్ల మామ అని ఖుల్లా చెప్తరా ఈడ? మా దాంట్ల మామతోని లగ్గం హరామ్. మేడం పరేషానైంది సూడుండ్రి."

ఆ తర్వాత అరబ్బీలో డాక్టరమ్మకు ఏదో సర్దిచెప్పింది. హిందువులు, తెలుగువాళ్ళు, వాళ్ళ ఆచారం అని కాబోలు. డాక్టరమ్మ తేరుకుని మర్యాదగా, "నాదీ బంధువుల పెళ్ళే. మా బాబాయి కొడుకును చేసుకున్నాను" అంది.

ఈసారి అదిరిపడడం మా వంతయింది. బాబాయి కొడుకంటే అన్నో తమ్ముడో కదా! మా ఆవిడ బల్ల కింద నా మోచెయ్యి గిల్లింది. ఆ గదిలో కాసేపు రెండు లోకాలు ఒకదాన్ని చూసి ఒకటి చెవులు మూసుకున్నాయి. నవ్వుకోవడానికి ఈ కథలో ఉన్నది అంతే.

నేను జుబైల్‌లో ఒక కర్మాగారం ల్యాబులో కెమిస్టుని. మేము తయారుచేసే ద్రవాన్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్ళి జిగురు చేస్తారు. చెక్కకు చెక్క, రేకుకు రేకు ఎంత గట్టిగా అంటుకుంటుందో చూసి చెప్పడం నా ఉద్యోగం. బంధాల గురించి ఇంత తెలిసినవాడు బంధువుల్లోనే పెళ్ళి చేసుకోవడం సహజమే అని మావాళ్ళు ఏడిపించేవారు. మా అక్క నాకు అత్తగారయింది. నా భార్య ఈ రోజుకీ నన్ను "మావయ్యా" అనే పిలుస్తుంది. ఆ పిలుపులో ఎప్పుడు మేనమామనో, ఎప్పుడు మొగుణ్ణో ఆమె గొంతును బట్టి తెలుసుకోవాలి.

పిల్లవాడు జుబైల్‌లోనే పుట్టాడు. బొటనవేళ్ళు అరచేతుల్లోకి మడుచుకుని, వాటి మీద మిగతా వేళ్ళు బిగించి ఉన్నాయి. "వీడు నాలాంటివాడు కాదు, చేతికొచ్చింది జారనివ్వడు" అని నేను జోకు వేశాను. వేలిని మెల్లగా బయటికి తీస్తే మళ్ళీ లోపలికే పోయేది. వీడియో కాల్‌లో ఆ చేతుల్ని మా అక్కకు చూపించాను. ఆమె సిగ్నల్ సరిగా లేదని ఫోను పెట్టేసింది.

వారాలు గడిచేకొద్దీ పిల్లవాడి తల పెరిగింది, ఒళ్ళు పెరగలేదు. తలలో నీరు బయటికి పోయే సన్నటి దారి మూసుకుపోయిందన్నారు. చర్మం కింద గొట్టం వేసి ఆ నీటిని కడుపులోకి మళ్ళించారు. గొట్టం పూడుకుపోయింది, మళ్ళీ ఆపరేషను, మళ్ళీ జ్వరం, ఇంకో గొట్టం. తలకు మించిన భారం అనే మాటను అంతకుముందు ఎన్నిసార్లు వాడానో. తలే భారమైన పిల్లవాణ్ణి ఎత్తుకున్నాక మళ్ళీ వాడలేదు.

ఎందుకిలా అయిందన్న ప్రశ్న మాకు రాలేదు. జవాబు ముందే వచ్చేసింది. ఊళ్ళో పిల్లల డాక్టరు ఫోనులోనే తేల్చేశాడు, మేనరికం అని. అందరూ అదే అన్నారు. మా అక్క అందరికంటే గట్టిగా అంది. "నా తమ్ముడికిచ్చి నా కూతురి కడుపు నేనే కోసుకున్నాను." నిందితుణ్ణి నేనే కాబట్టి తల వంచుకుని ఉండేవాణ్ణి. ఆ తర్వాత ఆమె ఒక పంతం పట్టింది. రెండో కూతుర్ని, మేమంతా చిన్నది అని పిలిచే పిల్లను, అయినవాళ్ళకు ఇచ్చేది లేదంది. ఏ చుట్టరికమూ లేని సంబంధం వెతికి వెతికి చేసింది. ఆ అల్లుడిది రియాద్ దగ్గర అల్ ఖర్జ్‌లో పెద్ద పాల డెయిరీలో ఆవుల పునరుత్పత్తి విభాగంలో ఉద్యోగం. ఏ ఆవుకు ఏ ఎద్దు వీర్యం ఎక్కించాలో, దగ్గరి రక్తం ఎలా కలవకుండా చూడాలో తేల్చడం అతని పని. నన్ను భార్య వైపు నుంచి మావయ్య అనాలో, తోడల్లుడిగా అన్నయ్య అనాలో తేలక అతను "సార్" దగ్గర స్థిరపడ్డాడు. పెళ్ళిలో ఎవరో మేనరికం మాట ఎత్తితే, "మేము ఆవులకు కూడా చెయ్యం సార్ అది" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మా పిల్లవాడికి రెండేళ్ళు దాటాక ఒక కొత్త డాక్టరు వాడి బొటనవేళ్ళు చూసి ఆగిపోయాడు. తలకూ వేలికీ ఏమిటి సంబంధం అనుకున్నాను. ఆయనే మమ్మల్ని దమ్మాం పంపాడు. డాక్టరమ్మ మా బంధుత్వం విని తేరుకున్నాక పిల్లవాడి రక్తం, మా ఆవిడ రక్తం తీయించింది. ఫలితం రావడానికి చాలా కాలం పడుతుందంది.

ఫలితం కంటే ముందు పిల్లవాడు వెళ్ళిపోయాడు. చివరిసారి వచ్చిన జ్వరం తగ్గలేదు. వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి సంతకాలు, ముద్రలు, స్పాన్సరు ఉత్తరం, ఎంబసీ కాగితం కావాల్సి వచ్చాయి. విమానం వాళ్ళ భాషలో వాడు ప్రయాణికుడు కాదు, సరుకు. మేము పైన కూర్చున్నాం. వాడు కింద ఉన్నాడు. మా ఆవిడ దారి పొడవునా కాళ్ళు నేలకు ఆనించకుండా పైకి ముడుచుకుని కూర్చుంది.

మళ్ళీ జుబైల్ వచ్చాక దమ్మాం నుంచి రమ్మని ఫోను వచ్చింది, వెళ్ళాం. ఈసారి డాక్టరమ్మ కళ్ళలో పోలీసులు లేరు. ముందుగా సంతాపం చెప్పింది. కాగితం మీద బొమ్మ గీస్తూ నెమ్మదిగా మొదలుపెట్టింది.

కడుపులో పిండం మెదడు కట్టుకునేటప్పుడు కణాలు పుట్టిన చోటే ఉండవట. లోపల పుట్టి, బయటికి నడిచి, తమ చోటు వెతుక్కుంటాయట. ఒక్కొక్క కణం సన్నటి పోగును బయటికి చాస్తుంది. ఆ పోగు చివర అరచేయిలాంటిది ఉంటుంది. చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్ళేవాడిలా అది తడుముకుంటూ పోతుంది. పట్టు దొరికితే ముందుకు సాగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆ పట్టునిచ్చేవి కణాల పైపొర మీదుండే ప్రొటీన్లు. కణానికీ కణానికీ అంటు కుదిర్చేవి అవే.

"నేను కూడా జిగురు పనే చేస్తానండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కష్టంలో మనిషి తనకు తెలిసిన ముక్కనే పట్టుకుంటాడు.

"కాదు" అంది డాక్టరమ్మ ఓపిగ్గా. "జిగురు అంటుకుని ఊరుకుంటుంది. ఇది పట్టుకుంటుంది, వదులుతుంది, ఎటు వెళ్ళాలో లోపలికి కబురు కూడా పెడుతుంది. మీ అబ్బాయిలో చెడింది ఆ ప్రొటీన్లలో ఒకటి. పేరు ఎల్ వన్. ఒక కణం మీదున్న ఎల్ వన్ పక్క కణం మీదున్న ఎల్ వన్‌నే పట్టుకుంటుంది. ముఖ్యంగా తనలాంటి దాన్నే."

"అంటే అది కూడా మేనరికమే చేసుకుంటుందన్నమాట" అన్నాను తెలుగులో.

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాన్ని అరబ్బీలోకి మార్చలేదు. మా ఆవిడ నా వైపు చూడలేదు.

ఆ పట్టు కుదరకపోవడంతో మెదడులో ఒక వైపు నుంచి రెండో వైపుకు పోవాల్సిన పోగులు సరిగా దాటలేదట. నీటి దారి ఇరుకై మూసుకుపోయిందట. బొటనవేలు లోపలికి మడుచుకోవడం కూడా ఈ లోపానికే గుర్తట. తలరాత అంటారు గాని, ఇది తల పూర్తిగా ఏర్పడకముందే రాసిన రాత. ఇదంతా నేను బొమ్మ వైపు చూస్తూ వింటున్నాను. అప్పుడు ఆమె అసలు మాట చెప్పింది.

"మీ బంధుత్వానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మగపిల్లలకు ఈ జన్యువు తల్లి నుంచే వస్తుంది. ఈమె రక్తంలోనూ అది కనిపించింది. ఆమెకు మాత్రం ఏ బాధా ఉండదు. ఆమె మిమ్మల్ని కాక ఏ దేశం మనిషిని చేసుకున్నా ఈ అబ్బాయికి ఇదే జరిగేది."

నా గుండెల మీంచి ఒక బండ దిగింది. దిగిందని ఒప్పుకోవాలి. ఒక గుక్క నీళ్ళు తాగేంతసేపు నేను నిర్దోషిని. గ్లాసు కింద పెట్టి చూస్తే మా ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె తన గురించి ఆలోచించడం లేదు.

"సిస్టర్, మా చెల్లికి ఏడో నెల" అంది నర్సుతో. "మగపిల్లాడేనని స్కాన్‌లో చెప్పారు. దానికి ఇది ఉంటుందా, అడుగు."

డాక్టరమ్మ కలం మూసింది. అది వాళ్ళమ్మ నుంచి వచ్చిందే అయితే, చెల్లికీ ఆ జన్యువు వచ్చే అవకాశం సగం. వస్తే, అందులో సగం పిల్లవాడికి. వెంటనే మంచి స్కాన్ చేయించమంది.

ఆ శుక్రవారం అల్ ఖర్జ్‌లో చిన్నదానికి సీమంతం. శుక్రవారం మనకు మంచిరోజు, అక్కడ సెలవు రోజు. కాన్పు దాకా ఉండేలా మా అక్క విజిట్ వీసా మీద ముందే వచ్చేసింది. మమ్మల్ని పిలిచారు. కాని మా ఆవిడే రానంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి గాజుల పేరంటానికి రాకూడదన్నది ఎవరూ పైకి చెప్పని నియమం. రానని ఆమె చెప్పినప్పుడు ఫోనులో అవతల మా అక్క ఊపిరి తేలిగ్గా వదలడం నాకు కూడా వినిపించింది.

ఆ నియమాన్ని తోసేసి శుక్రవారం పొద్దున్నే కారు తీశాం. ఫోనులో చెప్పే మాట కాదు అంది మా ఆవిడ. రోడ్డుకు రెండువైపులా ఇసుక, ఒంటెలు అడ్డం రాకుండా కట్టిన కంచె. ఆమె పెదాలు కదుపుతూ వాక్యాలు కూర్చుకుంటోంది. కూర్చి చెరిపేస్తోంది.

"మావయ్యా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పు. నేను చెప్తే అది పాఠం అవుతుంది."

"నేను చెప్తే దిష్టి అవుతుంది."



మేము తలుపు తట్టేసరికి హాలు నిండా డెయిరీలో పనిచేసే తెలుగువాళ్ళ ఆడవాళ్ళు ఉన్నారు. చిన్నది కుర్చీలో కూర్చుని ఉంది. మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు, నుదుటి నిండా కుంకుమ. మా ఆవిడను చూసి లేవబోయింది. "అక్కా! రానన్నావుగా, దొంగమొహమా! రా, నువ్వూ ఒక జత వెయ్యి."

మా అక్క మధ్యలోకి వచ్చేసింది. "ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగనియ్యి. తర్వాత వేస్తుందిలే." ఎవరో ముసలావిడ పక్కామెతో, "ఇప్పుడెందుకొచ్చిందమ్మా ఈ పిల్ల?" అనడం అందరికీ వినపడింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, అందరూ వెళ్ళేదాకా పులిహోర పొట్లాలు కడుతూ నిలబడింది.

పేరంటం అయిపోయాక పడకగదిలో మేము ఐదుగురమే మిగిలాం. చిన్నది, దాని మొగుడు, మా అక్క, మేమిద్దరం. మా ఆవిడ చెల్లి పక్కన మంచం మీద కూర్చుంది.

"స్కాన్‌లో ఏమన్నారే?"

చిన్నది గాజుల్ని పైకీ కిందికీ జరిపింది. "తలలో నీరు కొంచెం ఎక్కువగా ఉందన్నారు. మళ్ళీ చూద్దామన్నారు. నీకు చెప్తే నీ బాబు గుర్తొచ్చి ఏడుస్తావని చెప్పలేదక్కా. ఇక్కడి డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. అక్క పిల్లాడికి ఉండేది కాని వాళ్ళది మేనరికం అన్నాను. మాది బయటి సంబంధం అనేసరికి పర్వాలేదులే అంది."

మా ఆవిడ దారి పొడవునా కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ వాడలేదు. "మేనరికం వల్ల కాదే. అమ్మ నుంచి నాకు వచ్చింది. నీకూ వచ్చుండొచ్చు" అంది.

ఆవుల లెక్క తెలిసినవాడికి ముందు అర్థమయింది. "తల్లి వైపు నుంచా సార్?" అన్నాడు నాతో. నేను తలూపాను. 

మా అక్క మాత్రం లేచింది. "ఇవాళే చెప్పాలా ఈ మాట? గాజులు వేసిన చేతులతో కూర్చున్నప్పుడే చెప్పాలా? నీ కడుపుమంట దీనికి అంటించడానికి అంత దూరం నుంచి వచ్చావటే!"

మా ఆవిడ తల వంచలేదు. నేను ముందుకొచ్చి, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు వరస తప్పకుండా చెప్పాను. కణాలు, పోగులు, చీకట్లో తడుముకోవడం, పట్టు. జోకులు వెయ్యలేదు. బొటనవేలు దగ్గరకు వచ్చేసరికి మా అక్క చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"నా పెద్దాడికీ అలాగే ఉన్నాయిరా."

ఆమెకు మొదట ఒక కొడుకు పుట్టాడని నాకు తెలుసు. పురిట్లోనే పోయాడు. అప్పటికి నేను పసివాణ్ణి. కూతుళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తేవాళ్ళు కారు. అసలు పేరే పెట్టలేదు. మా బావ మాకు ఏమీ కాని మనిషి, ఆ పెళ్ళిలో మేనరికం ఊసే లేదు. అయినా ఆ పిల్లవాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వాడికి వేరే కారణం సిద్ధంగా ఉంది.

"నేను మోస్తున్నప్పుడు గ్రహణం పట్టింది. కదలకుండా పడుకోమంది అమ్మ. ఆకలేసి లేచి, వంకాయ తరిగాను. బొటనవేలు లోపలికి పెట్టి కత్తిపీట దగ్గర... అందుకే వాడి వేళ్ళు అలా మడుచుకున్నాయంది మా అత్త. నీ కొడుకు చేతులు ఫోనులో చూసినప్పుడు, నా పాపం నీ దాకా వచ్చిందనుకున్నాను. బయటికి అనలేక మేనరికం మీద పెట్టాను."

నా వైపు తిరిగింది. ఆమె నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె కళ్ళలో అలాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు.

"అయితే గ్రహణం వల్ల కాదా, తమ్ముడూ?"

"కాదక్కా."

"వంకాయ తరిగినందుకు కాదా?"

"కాదక్కా."

ఆమె నేల మీద కూర్చుని ఏడ్చింది. ఏ పిల్లవాడి కోసం ఏడుస్తోందో ఎవరమూ అడగలేదు. చిన్నది ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, "నువ్వు రాకపోయినా బాగుండేది, అక్కా" అంది.

రియాద్‌లో చేసిన స్కాన్‌కు నేను వెళ్ళలేదు. తోడల్లుడు ఫోను చేశాడు. "అదే సార్" అన్నాడు. చెప్పాల్సింది అందులోనే ఉంది. వేరే దారి ఆలోచించే గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారట. జాగ్రత్తగా కనడం, కన్నాక గొట్టం వెయ్యడం, అంతే.

గడువుకు ముందే తెలిసి ఉంటే ఏం చేసేవాళ్ళమో నాకు తెలియదు. చిన్నదానికైనా తెలుసుకునే హక్కు ఉండేది. మేనరికం అనే ఒక్క మాట ఆ హక్కును తినేసింది. మాకు మేనరికం అయిందని ఎవరూ ఇంకేమీ వెతకలేదు. దానికి కాలేదని ఎవరూ ఏమీ వెతకలేదు. ఒకే మాట రెండు వైపులా తలుపు వేసింది.

చిన్నది చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆమె మాత్రం రోజూ చేసేది, ఆగేదాకా వినేది, పెట్టేసేది. "దిష్టి అవుతుందన్నానుగా, మావయ్యా" అంది ఒకసారి. అది అడగడం కాదు, నిందా కాదు. 

పోయిన వారం మధ్యాహ్నం మేము అన్నం తింటుంటే కింద కారు ఆగింది. చిన్నది దిగింది. వెనక మొగుడు, రెండు పెట్టెలు, మా అక్క. కాన్పు జుబైల్‌లోనే అంది. మొగుడు డ్యూటీకి వెళ్ళిపోతాడట, తను ఇక్కడే ఉంటుందట. పలకరింపులు లేవు. చెప్పులు విడిచి, సరాసరి మా ఆవిడ ముందుకు వచ్చి నిలబడింది.

"అక్కా, నాకు ఎత్తుకోవడం నేర్పు."

మా ఆవిడ ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచింది. పడకగదిలోంచి సన్నటి తలగడ తెచ్చింది. స్నానాల గదిలో పెద్ద టవలు ముంచి, పిండకుండా తెచ్చి తలగడ ఒక చివర చుట్టింది. రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది. "ఇంకొంచెం ఉండేది" అని ఇంకో టవలు తెచ్చి చుట్టింది.

"ముందు తల. ఒళ్ళు తర్వాత. అందరూ ఒళ్ళు ఎత్తేస్తారు, మెడ వెనక్కి పడిపోతుంది. చెయ్యి మొత్తం చాపు. వేళ్ళతో కాదు, అరచేతితో పట్టు. ఊఁ. ఇప్పుడు రెండో చెయ్యి నడుం కిందికి పోనీ. తొందరపడకు. వాడు ఏడ్చినా తొందరపడకు."

చిన్నది ఎత్తింది. తలగడ చివర వాలిపోయింది.

"పడిపోయాడు" అంది మా ఆవిడ. "మళ్ళీ ఎత్తు."

మళ్ళీ ఎత్తింది. టవల్లోంచి నీళ్ళు కారి చిన్నదాని చీరంతా తడిసిపోతోంది. మా అక్క తుడవబోతే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.